మేనమామ పంపిన బొంత

వాపసు వచ్చిన పార్శిల్‌ను నేను ఇంట్లోకి తీసుకురాను. బయట వరండాలో కూర్చుని, కత్తెరతో అక్కడే కోస్తాను. ఇది మా అత్తమ్మ పెట్టిన పద్ధతి. మొదట్లో నాకు చాదస్తంగా అనిపించేది. ఇప్పుడు ఆమె మరిచిపోయినా నేను మరిచిపోను. కొన్ని కవర్లు కోయగానే బీడీ కంపు కొడతాయి. కొన్నింట్లో నేను పంపిన బట్ట ఉండదు, ఎవరిదో చినిగిపోయిన తువ్వాలు ఉంటుంది. ఒకసారి పసిపిల్ల ఉచ్చ పోసిన బొంతను ఆరబెట్టకుండానే మడిచి, సైజు సరిపోలేదని రాసి పంపారు. దారిలో అది ఎన్ని రోజులు మగ్గిందో ఏమో, కవర్ కోసిన చేతికి సబ్బుతో రెండుసార్లు కడిగినా ఆ వాసన పోలేదు. ఆ చేత్తో మా పాపకు అన్నం పెట్టబుద్ధి కాక, ఆ పూట అత్తమ్మనే తినిపించమన్నాను.

నేను అప్పుడే పుట్టిన పిల్లల బట్టలు కుట్టి అమ్ముతాను. పాప పుట్టకముందు మానుకోటలోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పాప పుట్టాక బడికి వెళ్లలేకపోయాను. వెళ్లనివ్వలేదని కాదు, నాకే ధైర్యం చాల్లేదు. పాప దగ్గితే గుండె జారిపోయే మనిషిని నేను. నిద్రలో దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటాను. ఇంట్లో ఉండి చేసే పని ఏదైనా కావాలనుకున్నాను. మిషన్ ముందు గదిలో పెట్టుకున్నాను. ఫోన్‌లో ఒక పేజీ తెరిచి, కుట్టినవాటి ఫొటోలు పెట్టాను.

మా దగ్గర పుట్టిన బిడ్డకు ముందుగా కొత్త బట్ట వేయరు. కొత్త బట్టకు గంజి ఉంటుంది, చర్మం గీరుకుంటుంది. అందుకే పాత నూలు చీరలు చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. నేను కొత్త నూలు తెచ్చి, పాత చీరంత మెత్తబడేదాకా ఉతికి, ఎండబెట్టి, మళ్లీ ఉతికి అప్పుడు కోస్తాను. కుట్లు బయటి వైపుకు వచ్చేలా కుడతాను. ఇది కూడా అత్తమ్మ చెప్పిందే. పొత్తిగుడ్డలు, నెత్తికి కుల్లాయి, చిన్న బొంత. ఇంతే నా దుకాణం.

ఈ సరుకుకు ఒక ఇబ్బంది ఉంది. కాన్పు కాకముందు బిడ్డకోసం ఏదీ కొనిపెట్టరు, కీడని భయం. అందుకని ఆర్డర్లన్నీ బిడ్డ పుట్టాకే, ఆదరాబాదరాగా వస్తాయి. ఒక గడప దాకా పోయి తిరిగొచ్చిన బట్టను ఇంకో బిడ్డకు అమ్మడానికి అత్తమ్మ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను. ఆమెకు మైల అనే పట్టింపు, నాకు రోగాల భయం. మాట వేరైనా ఇద్దరం ఒకటే పని చేస్తాం. వాపసు వచ్చినవి మిషన్ తుడిచే గుడ్డలవుతాయి.

డబ్బు ముందుగా పంపమంటే ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ కొనరు. వస్తువు చేతికొచ్చాకే డబ్బు. కొరియర్ అన్న మా ఇంటికొచ్చి పార్శిళ్లు తీసుకెళ్తాడు. ఆ ఊరి డెలివరీ మనిషి డబ్బు తీసుకుని వస్తువు ఇస్తాడు. ఈ ఏర్పాటు ఉంటేనే నా మిషన్ నడుస్తుంది. ఆ సంగతి కొరియర్ అన్నకూ తెలుసు. ఒకరోజు పార్శిళ్లు సంచిలో వేసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"అక్కా, మీ కాడికెళ్లి పోయినయి వాపస్ బాగ వస్తున్నయి. ఇంక కొన్ని గిట్లనే వస్తే పైనోళ్లు క్యాష్ ఆన్ డెలివరీ బంద్ పెడ్తరు. నేను చెప్పలేదనద్దు."

ఆ రోజు నుంచి ప్రతి ఆర్డర్‌ను బియ్యంలో రాళ్లు ఏరినట్టు చూడడం మొదలుపెట్టాను. ఊరి పేరు ఒకటి, పిన్‌కోడ్ ఇంకో జిల్లాది అయితే పక్కన పెట్టాను. బస్టాండ్ దగ్గర అని తప్ప ఇంకేమీ రాయనివాళ్లను, అన్ని సైజుల్లోనూ ఒక్కొక్కటి పంపమన్నవాళ్లను నమ్మలేదు. డబ్బు పంపినట్టు ఫొటో పెట్టి, ఆ డబ్బు మాత్రం నాకు చేరనివాళ్లు కొందరు. అడిగితే ఎదురు నన్నే తిట్టేవారు. వీటన్నిటికన్నా నాకు గట్టిగా దొరికిన గుర్తు ఇంకొకటుంది. నిజంగా కొనేవాళ్లు ఊరికే కొనరు. రంగు పోతుందా అంటారు, లోపల దూది పెట్టావా అంటారు, మాది చిల్పూరు, మా కోడలికి పెద్దాపరేషన్ అయింది అని మొదలుపెట్టి కాన్పు కథంతా చెప్తారు, చివరికి బేరమాడతారు. ఒక్క మాట అడగకుండా ఆర్డర్ పెట్టినవాడు దొంగ. ఇది నేను కనిపెట్టిన సూత్రం. నాలుగైదుసార్లు పనిచేసింది కూడా. నాకు కొంచెం గర్వంగా ఉండేది.

అతను ఆ సూత్రంలోంచి తలవంచకుండా నడిచి లోపలికి వచ్చాడు.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడే అక్కా అన్నాడు. భూపాలపల్లిలో తన చెల్లెలికి కాన్పయిందన్నాడు. తనొక్కడే అన్న అట. ఇరవై ఒకటో రోజుకు మేనమామగా తానే బట్టలు తీసుకుని వెళ్లాలి, కాని డ్యూటీలో సెలవు దొరకట్లేదు, అందుకని కొరియర్‌లో పంపమన్నాడు. ఆడబిడ్డా మగబిడ్డా అని నేను అడిగితే, ఆడబిడ్డ అన్నాడు, మా చెల్లె పోలికేనట అన్నాడు. దూది ఎంత మందం పెడతావని అడిగాడు. బేరమాడాడు.

"జర తక్కువ చెయ్యక్కా. మేనమామ కాడ గింత గుంజుతవా?"

నేను నవ్వి తగ్గించాను. మా ఇళ్లలో మేనమామ అనే మాట వినపడితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు మేనమామ ఒడి కావాలి, చెవులు కుట్టించేటప్పుడు మేనమామ కావాలి, మొదటి కొత్త బట్ట మేనమామది కావాలి. సెలవు దొరక్కపోయినా మేనకోడలి బొంత కోసం తిప్పలు పడుతున్న అన్నను నేనెందుకు అనుమానిస్తాను? పైగా డబ్బు అప్పటికప్పుడు ముందే పంపాడు. చేరిందో లేదో నేను చూసుకునేదాకా ఫోన్ పెట్టలేదు.

ఒక కోరిక కోరాడు. బొంత మీద బిడ్డ పేరు కుట్టాలి. ఇంకా పేరు పెట్టకముందే ఎట్లా అని అడిగితే, పేరు వాళ్లు ఎప్పుడో అనుకున్నారు, నాకు చెవిలో చెప్పారు అన్నాడు. గులాబీ రంగు దారంతో, చిన్న చిన్న కుట్లతో, రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఆ పేరు చేత్తో కుట్టాను. చాలా బాగా కుదిరింది. ఫొటో తీసి పేజీలో పెట్టుకుందామనుకున్నాను గాని, పరాయి బిడ్డకు దిష్టి తగులుతుందని మానేశాను.

బొంత చేరాక అతను మళ్లీ ఫోన్ చేశాడు.

"మా చెల్లె బొంత చూసి ఏడ్చిందటక్కా. సంతోషంతోని."

ఆ మాట అత్తమ్మకు చెప్పాను, మా ఆయన కాలేజీ నుంచి రాగానే చెప్పాను. ఆ రోజంతా నాకు ఏదో పండుగలా ఉంది.

ఆ తర్వాత అతను కుల్లాయిలు పంపమన్నాడు, పొత్తిగుడ్డలు పంపమన్నాడు. డబ్బు ఈసారి ఇంటి దగ్గర మా అమ్మ ఇస్తుందిలే అన్నాడు. అవి వాపసు వచ్చాయి. అడిగితే పాపం ఎంతో నొచ్చుకున్నాడు. బిడ్డకు పసిరికలైతే అందరూ దవాఖానకు పోయారట, ఇంటికి తాళం ఉందట, మళ్లీ పంపమన్నాడు. పసిరికలు అనగానే నాకు మా పాప పుట్టిన కొత్తలో కళ్లు పచ్చబడిన రోజులు గుర్తొచ్చాయి. పొద్దున ఎండలో పడుకోబెట్టమని కూడా అతనికి చెప్పాను. మళ్లీ పంపాను. మళ్లీ వాపసు వచ్చాయి. ఇంకో బొంత అడిగాడు, అదీ పంపాను. అది దారిలో ఉండగానే కొరియర్ అన్న రెండోసారి హెచ్చరించాడు. ఈసారి అన్నిటికన్నా ఎక్కువ వాపసులు ఒకే గడప నుంచి వస్తున్నాయని చూపించాడు. ఇది కూడా వాపసు వస్తే తన చేతిలో ఏమీ ఉండదన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అన్న మంచివాడే, ఆ చెల్లెలిదే పొగరు అనుకున్నాను. భూపాలపల్లి డెలివరీ మనిషి నంబర్ కొరియర్ అన్న దగ్గర తీసుకుని, ఆ ఇంటి ముందుకు పోయినప్పుడు మీ ఫోన్ ఆమె చేతికివ్వండి, నేను మాట్లాడతాను అని బతిమాలాను. అతనూ విసిగి ఉన్నాడు. పార్శిల్ మీదున్న నంబర్‌కు చేస్తే ఎవరో మగాయన ఎత్తి ఇంట్లోనే ఉన్నారు పొమ్మంటాడట, ఇంటికి పోతే ఆమె తలుపు వేసుకుంటుందట.

మర్నాడు పన్నెండింటికి ఫోన్ వచ్చింది. అటువైపు ఆడగొంతు వినపడగానే నేను మొదలుపెట్టాను. మంగాయించడం ఎందుకు, వాపసు పంపడం ఎందుకు, చదువుకున్నదానివి కాదా, మా ఇంట్లోనూ పసిపిల్ల ఉంది, దాన్ని పక్కన పెట్టుకుని మీ బిడ్డ కోసం కుడుతున్నాను, ఇట్లా గుక్క తిప్పుకోకుండా అన్నాను. నేను ఆగాక ఆమె అడిగింది.

"మీరేనా ఆ బొంత కుట్టింది?"

నేనే అన్నాను.

"పేరు సుత మీరే కుట్టిన్రా?"

"మీ అన్న చెప్తేనే కుట్టిన."

"నాకు అన్న లేడక్కా. తమ్ముడు లేడు. మేం ఇద్దరం ఆడపిల్లలమే."

నేను వెంటనే నమ్మలేదు. అన్న లేకపోతే మేనమామ ఎక్కడినుంచి వచ్చాడు, మరి బిడ్డ సంగతేమిటి అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"బిడ్డ లేదు. పుట్టిన్నాడే పోయింది."

డెలివరీ మనిషి తన ఫోన్ కోసం నిలబడి ఉన్నాడని గుర్తొచ్చి, నా నంబర్ రాసుకోమని చెప్పాను. ఆమె సాయంత్రం చేసింది. అప్పుడు మిగతాదంతా చెప్పింది. గొంతు ఎక్కడా పెంచలేదు, ఏడవలేదు. ఎవరికో దారి చెప్తున్నట్టు చెప్పింది.

ఫోన్ చేసేది ఆమె భర్త. బిడ్డ పోయాక ఆ ఇంట్లో పడ్డ మాటలు తట్టుకోలేక తల్లిగారింటికి వచ్చేసింది. తిరిగి రమ్మని కబురు పెట్టాడు, ఆమె వెళ్లలేదు. ఆ పేరు ఇద్దరే అనుకున్నారు, ఏడో నెలలో. కాన్పుకు ముందు పేరు అనుకోకూడదు కాబట్టి కన్నతల్లికి కూడా చెప్పలేదు. మొదటి పార్శిల్‌కు డబ్బు ముందే కట్టి ఉంది గనుక, తన చెల్లెలు ఏదో పంపి ఉంటుందనుకుని విప్పింది. గులాబీ దారంతో పేరు కనపడింది. ఎవరు పంపారో ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ సాయంత్రమే మెసేజ్ వచ్చిందట, నువ్వు రానన్ని దినాలు ఇవి వస్తూనే ఉంటాయని. తర్వాత వచ్చిన ఏ పార్శిల్‌నూ ఆమె ముట్టుకోలేదు. కాని ముట్టుకోకపోతే మాత్రం ఏం లాభం? డెలివరీ మనిషి వాడ మధ్యలో నిలబడి పిలుస్తాడు. కవర్ మీద చిన్నపిల్లల బట్టలని ఉంటుంది. పక్కింటివాళ్లు, బిడ్డ లేని ఇంటికి ఈ బట్టలేంటని ఆమె తల్లిని ఆపి అడుగుతున్నారు.

ఆ కవర్ మీద రెండు చిన్న పాదాల బొమ్మ ఉంటుంది. ముద్దుగా ఉంటుందని నేనే వేయించాను.

సంతోషంతో ఏడ్చింది అని అతను అన్న మాట నాకు అప్పుడు మళ్లీ వినపడింది. ఉచ్చ బొంత కవర్ కోసిన రోజు కూడా నాకు అంత అసహ్యం వేయలేదు. అది చేతికి అంటిన వాసన, కొన్నాళ్లకు పోయింది. ఇతను నా సూదిని, నా రెండు మధ్యాహ్నాలను, అత్తమ్మ నేర్పిన కుట్టును తీసుకుని తీరిగ్గా ఆ అమ్మాయి గుండెలో దింపాడు. మధ్యలో బేరమాడాడు. పసిరికలని కథ కట్టాడు. నేను చెప్పిన చిట్కాకు 'సరే అక్కా, చెప్త' అన్నాడు.

ఆమె నన్ను ఒకటే అడిగింది. అతను మాట్లాడినట్టు ఏదైనా ఆధారం ఉందా అని. ఉంది. పాప ఏడుపు మధ్యలో కొలతలు, పేర్లు సరిగా వినపడవని నా ఫోన్‌లో మాటలన్నీ రికార్డయ్యేలా పెట్టుకున్నాను. కుట్టేటప్పుడు మళ్లీ వినుకుంటాను. అతని మాటలన్నీ ఉన్నాయి, డబ్బు పంపిన నంబర్ ఉంది. స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తానంది.

ఆ రాత్రి ఈ సంగతంతా ఇంట్లో చెప్పాను. మొగుడు పెళ్లాల లొల్లిలో మనమెందుకు తల దూర్చాలని అత్తమ్మ అంది. మా ఆయన ఒక్క మాట అన్నాడు.

"పంపేటోళ్ల అడ్రస్ అని మన ఇల్లు సుత ఆ కవర్ మీద ఉన్నది. యాదుంచుకో."

నాకు గుర్తుంది. ఆ మాటకు ముందే లేచి తలుపు గడియ చూసి వచ్చాను. ఆ భయంలోనే రికార్డింగులు పంపాను. పంపాక భయం తగ్గలేదు. తగ్గుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఆ బొంత కూడా వాపసు వచ్చింది. దాన్ని తెచ్చిన కొరియర్ అన్న, నా మీద జాలితోనే, ఒక ఉపాయం చెప్పాడు. నేను ఊ అంటే ఆ ఇంటిని మోసం చేసే కస్టమర్‌గా రాసి పెట్టేస్తాడు. అప్పుడు ఆ వాపసులేవీ నా లెక్కలోకి రావు, క్యాష్ ఆన్ డెలివరీ ఆగదు. ఆ అడ్రస్‌కు ఇక ఏ పార్శిలూ పోదు.

"ఆమెకు సుత మంచిదే గదా అక్కా. ఇగ ఏ పార్శిల్ రాదు."

నేను వరండా గోడకు ఆనుకుని నిలబడి ఆలోచించాను. ఆలోచించాల్సి వచ్చిందనేదే నాకు ఇప్పటికీ రోతగా ఉంది. ఇన్నాళ్లూ మోసగాళ్ల ఆర్డర్లు ఏరాలని కళ్లలో ఒత్తులు వేసుకుని చూశాను. తీరా మోసగాడు ఎవరో తెలిశాక, అతని పేరు ఎక్కడా రాదు. వాళ్ల లెక్కల్లో అతనికి ఇల్లు లేదు, కవర్ మీద అడ్రస్ లేదు, ఉన్నది ఆమెకు. మోసం చేసింది ఆమె అని ఒకచోట నమోదవుతుంది, అది నా నోటి మీదుగా. రేపు ఆమె పుస్తకాలు తెప్పించుకున్నా రావు. అతను వేలు కదపకుండా, ఈసారి కూడా నా చేత్తోనే, ఆ పని జరిగిపోతుంది.

వద్దన్నాను. ఆమె మోసం చేయలేదన్నాను. ఎవరు చేశారో రాసి పెట్టడానికి ఏదైనా చోటుందా అని అడిగాను. అట్లాంటి చోటు లేదన్నాడు. అతని తప్పు కాదు.

రెండు రోజులకు అతనే మళ్లీ ఫోన్ చేశాడు. తన మాటలు ఎక్కడికి చేరాయో అతనికి తెలియదు. అక్కా అన్నాడు. మేనకోడలికి ఏడాది నిండేనాటికి వేయడానికి ఒక గౌను కావాలట, కొంచెం పెద్ద సైజు, ఇప్పుడే కుట్టి పెట్టుకుంటే అప్పటికి పంపొచ్చట. ఎవరికి, ఏ ఊరు, మీరేమవుతారు అని ఒక్కొక్కటే అడిగాను. అన్నీ చెప్పాడు. గౌను మీద కూడా పేరు కుట్టాలా అని అడిగాను. కుట్టాలన్నాడు. పేరు సరిగా వినపడలేదు, మళ్లీ చెప్పమన్నాను. విడమరిచి చెప్పాడు. ఆ చచ్చిపోయిన బిడ్డ పేరును అంత ఓపికగా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. నేను పెట్టేసి, ఆ రికార్డింగు ఆమెకు పంపి, పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకున్నాను.

చేరింది అక్కా అని మాత్రం ఆమె రాసింది. తర్వాత ఏమైందో అడగడానికి నాకు మనసు రాలేదు. అతని ఫోన్ మళ్లీ రాలేదు.

ఆ వారంలోనే క్యాష్ ఆన్ డెలివరీ ఆగిపోయింది. కొరియర్ అన్న చెప్పేటప్పటికి మూడు బొంతలు కవర్లలో పెట్టి సిద్ధంగా ఉన్నాయి. ఆ ముగ్గురికీ నేనే ఫోన్ చేశాను. డబ్బు ముందు పంపితేనే పార్శిల్ కదులుతుందని చెప్పాను. జనగామ ఆవిడ తర్వాత చెప్తానని పెట్టేసింది. నెల్లికుదురు నుంచి మాట్లాడినాయన మాకొద్దమ్మా అన్నాడు. మూడో ఆవిడది బయ్యారం. మనవడు పుట్టాడట. రంగు పోతుందా, దూది మంచిదేనా అని ముందురోజే అన్నీ అడిగి ఉంది. ఇప్పుడు నా మాట విని ఎదురు నన్నే అడిగింది.

"గట్లనా బిడ్డా. మరి పైసలు కొట్టినంక నువ్వు పంపకపోతేనో? దొంగలు బాగైన్రు. నువ్వెవలో నేనెట్ల నమ్మాలె?"

నిజమే. ఎట్లా నమ్ముతుంది? ఆమె స్థానంలో నేనుంటే నన్ను నేను నమ్మేదాన్ని కాదు. మోసగత్తె మాట్లాడినట్టే ఉంది నా మాట. మానుకోటకు వచ్చి చూసుకుని, డబ్బిచ్చి తీసుకెళ్లమన్నాను. శనివారం దవాఖాన పని మీద వస్తానంది, ఇల్లెక్కడో చెప్పమంది.

పక్కన పాప పడుకుని ఉంది. గొంతు ముసలావిడదే, కాన్పు కథ నిజంలాగే ఉంది. మేనమామ కథ కూడా నిజంలాగే ఉండింది. ఆమె అటువైపు హలో, హలో అంటోంది, లైను పోయిందనుకుని.

లేదవ్వా, ఉన్నాను అన్నాను. మా వీధి పేరు చెప్పాను, తర్వాత ఇంటి గుర్తు చెప్పాను.